గోల్కొండ మెట్ల మీద సర్వపిండి

ఏళ్ల తరబడి పలకరించని దోస్తు ఉన్నట్టుండి ఫోన్ చేసి "ఎట్లున్నవ్‌రా" అంటే నాకు మొదట వచ్చే ఆలోచన ఒక్కటే: వీడు ఏం అమ్ముతున్నాడు? అందులో నా తప్పేమీ లేదు. సిద్దిపేటలో గిన్నెల దుకాణం నడిపేవాడికి, మనిషి గడప తొక్కకముందే కొనడానికి వచ్చాడా, ధర అడిగి పోవడానికి వచ్చాడా అన్నది తెలియాలి. పైగా కిందటేడు మా దూరపు చుట్టం ఒకాయన వర్గల్ సరస్వతమ్మ దర్శనానికని నన్ను కారులో తీసుకుపోయి, తిరిగి వచ్చేటప్పుడు రంగురంగుల జెండాలు పాతిన చేనులో దింపాడు. పులిహోర పొట్లం చేతిలో పెట్టి, ఏ మూల ప్లాటు కావాలో చూసుకోమన్నాడు. అప్పటినుంచి ఎవరు కారెక్కమన్నా, ఎక్కడ దింపుతారో ముందు అడుగుతున్నాను.

ఈసారి ఫోన్ చేసినవాడు బడిలో నా పక్కన కూర్చున్నవాడు. మీసాలు రాకముందే బొంబాయి పక్కనున్న భివండీ పోయి, మరమగ్గాల చప్పుడులో సగం చెవులు పోగొట్టుకుని, ఈ మధ్యే తిరిగొచ్చాడు. అందుకే ఫోన్లో కూడా అరుస్తాడు.

"హైదరాబాద్ పోదాంరా! నువ్వు, నేను, మన సారు. చార్మినార్, గోల్కొండ చూసొద్దాం. బడిల ఉన్నప్పుడు పోదామనుకున్నం, పోలే గదా?"

సారంటే మా మూడోవాడు. ముగ్గురిదీ ఒకే బెంచీ. వాడు బడిపంతులై ఊళ్లోనే ఉన్నాడు. నా భార్య పోయినప్పుడు వచ్చి కాసేపు కూర్చున్నాడు, మళ్లీ మా ఇంటి దిక్కు చూడలేదు.

సరుకు కోసం నేను హైదరాబాద్ పోతూనే ఉంటాను, కానీ బేగంబజారు దాటి చూసింది లేదు. గోల్కొండను బస్సు బోర్డు మీద చదవడమే. చూడాలని నాకూ ఉంది. అనుమానం ముదిరింది మాత్రం వాళ్ల ప్రశ్నలతో.

"ఖర్చు నాది. నువ్వు మంచి అంగీ తొడుక్కొని, గడ్డం గీసుకొని రా, చాలు" అన్నాడు భివండీవాడు. ఎందుకు? తరువాత ఒకరోజు, "షుగర్ గిట్ల ఉన్నదారా నీకు?" అని అడిగాడు. ఓహో, ఇన్సూరెన్స్ అనుకున్నాను. ఆ వారమే సారు దుకాణానికి వచ్చి, స్టీలు బిందెల మధ్య కూర్చుని చాయ్ తాగుతూ, "ఇల్లు నీ పేరు మీదనే ఉన్నదా?" అన్నాడు. అయితే ప్లాటే. "బిడ్డ, అల్లుడు నీ మాట కాదనరు గదా?" అని కూడా అడిగి, పోతూ పోతూ గల్లా దగ్గర నా ఫోటో తీసుకున్నాడు. ఇక ఆధార్ కార్డు అడగడం ఒక్కటే తక్కువ.

మరి ఎందుకు పోయావంటారా? ఇంట్లో మాట్లాడే మనిషి లేక. కర్రీ పాయింట్ కూర కవరులోంచి పళ్లెంలోకి వంపుకుని, టీవీతో కొట్లాడుతూ తినే బతుకు నాది. వాళ్లు నిజంగానే అమ్మడానికి వచ్చినవాళ్లయితే, నాకు దోస్తులనేవాళ్లు ఇక ఎవరూ మిగలరు. కాకూడదని దేవుడికి మొక్కుకుంటూ, అయి తీరుతుందని గట్టిగా నమ్ముతూ కారెక్కాను.

చార్మినార్ దగ్గర మాత్రం అన్నీ మరిచిపోయాను. ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని, బడిలో లెక్కల పంతులు చేతి దెబ్బలు ఎవరెవరికి ఎక్కువ పడ్డాయో వాదించుకున్నాం. భివండీవాడి నవ్వుకు పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. చాలా రోజుల తరువాత నాకూ కడుపు పట్టుకునేంత నవ్వొచ్చింది. అప్పుడే సారు ఫోను చూసుకుని, "పా పా, లేటయితుంది" అన్నాడు. ఎవరికి లేటవుతోంది? చూడడానికి వచ్చినవాళ్లకు లేటేమిటి? చాయ్ నోట్లోనే చల్లబడిపోయింది.

గోల్కొండ దర్వాజా దగ్గర అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఇక్కడ కొడితే పైన కొండ మీద వినిపిస్తుందట. మేమూ కొట్టాం. అంతలో ఒకతను ఎదురొచ్చాడు, వెనకే ఒకామె.

"అరే, మీరు గీడ ఎట్ల?" అన్నాడు సారు. బడి నాటకాల్లో కూడా వాడికి నటించడం రాలేదు.

"మా అక్కకు చూపిద్దామని తీస్కొచ్చిన. చిన్నకోడూరులుంటది" అన్నాడతను. ఆమెకు యాభై దగ్గర పడి ఉంటాయి. నూలు చీర, భుజానికి గుడ్డ సంచి. మా పక్క ఊరి మనిషి గోల్కొండలో అనుకోకుండా తగిలిందట. నేను నమ్మాలట.

సగం మెట్లెక్కాక సారు ఆగాడు. "మీరిద్దరు గీడ కూసోండ్రి. మేము పైకి పోయొస్తం." పొద్దుటినుంచి మోకాళ్ల నొప్పులని మూలుగుతున్న భివండీవాడు ఇద్దరికంటే ముందు పరుగెత్తాడు. నాకు అర్థమైపోయింది. మనిషిని ఒంటరిని చేసి, మెత్తగా మాట్లాడే ఆడమనిషిని పక్కన కూర్చోబెట్టడం వీళ్ల పద్ధతి.

"మీ దుకాణంల గిన్నెలు కొన్న నేను. మీరు గుర్తువట్టలే" అందామె.

నా వివరాలన్నీ ముందే సేకరించారన్నమాట.

"ఇంట్ల ఒక్కరే ఉంటరా? వంట ఎవరు చేస్తరు?"

ఇల్లెప్పుడు ఖాళీగా ఉంటుందో కూడా కావాలి. ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. ప్లాట్ల బొమ్మల కాగితాలు వస్తాయని చూస్తే స్టీలు డబ్బా వచ్చింది. మూత తీయగానే నువ్వులు, పల్లీలు, కరివేపాకు వాసన. అంచులు ఎర్రగా కాలిన బియ్యప్పిండి రొట్టె, సర్వపిండి. నా భార్య పోయాక ఇంట్లో ఎవరూ చేయనిది. నోరూరింది. బస్సుల్లో మత్తుమందు కలిపి తినిపించేవాళ్ల సంగతులు కూడా వెంటనే గుర్తొచ్చాయి.

"వద్దు" అన్నాను.

ఆమె ఒక ముక్క తుంచుకుని నోట్లో వేసుకుంది. "ఏం గాదు, చూడుండ్రి, నేను తింటున్న" అంటూ డబ్బా మళ్లీ నా ముందుకు జరిపింది. అంత బతిమాలేసరికి నాకు మండింది.

"చూడు చెల్లె, నీ పొట్ట కొట్టాలని నాకు లేదు. గని నేను ప్లాట్లు కొననీకి రాలే. మీ కంపెనోళ్లకు గదే చెప్పు."

ఆమె నమలడం ఆపింది. నా మొహంలోకి చూసి, "చెల్లె" అని తనలో తను అనుకుంది. లేచి మెట్లు దిగిపోయింది. డబ్బా అక్కడే ఉండిపోయింది. కింద ఎవరో ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

కారులో సారు నన్ను చంపినంత పని చేశాడు. "సంబంధంరా అది! సిద్దిపేటల చూస్తే పదిమంది నోళ్లల్ల పడ్తరని గీడిదాంక తెస్తిమి. ముందే చెప్తే నువ్వు రావని చెప్పలే. ఆమె నాలుగేండ్ల సంది ఒక్కతే ఉంటున్నది. తమ్ముడు బతిమాలితే వచ్చింది."

"చెల్లె అన్నవట గదా! ఇగ ఏం మిగిలిందిరా?" అని భివండీవాడు అరిచాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. కోపం కూడా వచ్చింది. మంచి పనిని దొంగల్లా చేస్తే నాలాంటివాడు ఏమనుకోవాలి? ఆ మాటే అన్నాను. దిగేటప్పుడు సారు, మెట్ల మీంచి తెచ్చిన ఆ డబ్బాను నా ఒళ్లో పడేసి వెళ్లాడు.

ఇంటికొచ్చి సర్వపిండి తిన్నాను. గట్టిపడింది, అయినా ఒక్క పలుకు వదలలేదు. తింటూ చూస్తే మూత మీద కొట్టిన పేరు నా చేతిదే; దుకాణంలో గిన్నెల మీద పేర్లు చెక్కేది నేనే. నా సున్నాలు ఎప్పుడూ ఒక పక్కకు ఒరుగుతాయి. ఆమె నా దుకాణంలో కొన్న మాట నిజం. ఎదురుగా నిలబెట్టి పేరడిగి చెక్కిన మనిషిని, నేను మత్తుమందు మనిషిని చేశాను.

ఎవరింటి గిన్నెనూ మా దిక్కు ఖాళీగా తిరిగివ్వరు. నాకు వచ్చిన వంట ఒక్కటే, శనగ గుడాలు. నానబెట్టి, ఉడకబెట్టి, ఉల్లిగడ్డ పోపేసి డబ్బా నింపాను. ఆమె ఇల్లెక్కడో సారుకు ఫోన్ చేసి అడిగితే, "ఎందుకు? ఏం చేద్దామని?" అని నన్ను పోలీసులా నిలదీశాడు.

చిన్నకోడూరులో ఆమె తలుపు తీసి, గడప లోపలే నిలబడింది. అక్కా, చెల్లె, వదినా... ఏదీ నోటికి రాలేదు. డబ్బా ముందుకు చాపాను. ఆమె మూత తీసి చూసి, నా వైపే తిప్పింది.

"ముందుగాల మీరు తినుండ్రి."

పిడికెడు తీసుకుని నోట్లో పోసుకున్నాను. ఉప్పు విపరీతంగా ఉంది. మింగేదాకా ఆమె నా గొంతునే చూసింది.

"ఏంది, ఇయ్యాల చెల్లె అంటలేరు?"

"అనను" అన్నాను.

ఆమె లోపలికి పోయింది. ఇక తలుపేస్తుందనుకున్నాను. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి అరుగు మీద వేసింది. లోపల కాదు, అరుగు మీదే. తను గడప మీద కూర్చుని, నాలుగు గుడాలు నోట్లో వేసుకుంది.

"ఉప్పెక్కువైంది" అంది.