మగ్గం మీద సగం చీర

ఊరు విడిచి కొన్నాళ్లు పనికి పోయి వచ్చేవాళ్లు ఎంతమందో తేల్చడం ఈ మధ్య నా ఉద్యోగం. జనాభా రిజిస్టర్ ట్యాబ్‌లో ఉంటుంది. అందులో పేరున్న మనిషి ఇంట్లో ఉన్నాడో లేడో కనుక్కుని 'ఉన్నాడు', 'లేడు' గళ్లలో ఒకటి నొక్కాలి. ఇవాళ పొదటూరుపేటలో ఒక నేతవాళ్ల ఇంటికి వెళ్లాను.

"మీ ఆయన ఉండాడా అక్కా?"

"ఉండాడు."

"కొంచెం పిలువక్కా."

"అత్తిపట్టులో కరెంటు ప్లాంటు పనికి పోయినాడు. పోయి నెలయింది."

"అయితే లేడని రాసుకుంటా."

అక్కకు కోపం వచ్చింది. నన్ను లోపలికి తీసుకుపోయి మగ్గం చూపించింది. దాని మీద సగం నేసిన చీర, దుమ్ము పడకుండా కప్పిన పాత లుంగీ.

"ఆయన చీర సగంలో ఉండాది కదా! ఇట్లుంటే మా వీధిలో ఎవురూ ఊరు విడిచినాడని అనరు. లేడని మాత్రం రాయొద్దు."

ట్యాబ్‌లో ఉన్నవి రెండే గళ్లు. సగం చీరకు గడి లేదు. 'ఉన్నాడు' నొక్కాను.

అప్పుడు చల్లబడి అడిగింది. "నీది యా ఊరు తమ్ముడూ?"

"ఇల్లూ, రిజిస్టర్‌లో పేరూ ఉండేది తిరుత్తణిలో. పనికోసరం తిరువళ్ళూరులో రూము తీసుకున్నా."

"తిరుత్తణిలో నీది ఏమన్నా సగంలో ఉండాదా?"

సోమవారం పొద్దున బస్సుకు టైమైందని మా ఆవిడతో సగంలో వదిలేసి వచ్చిన తగువు గుర్తొచ్చింది. దాని మీద దుమ్ము కూడా పడి ఉండదు.

ఆ లెక్కన నేనూ ఊరు విడవలేదు. ట్యాబ్ మా ఆవిడ చేతికిస్తే మాత్రం ఏ గడి నొక్కుతుందో నాకు తెలుసు. మీ ఇంట్లో అయితే ఏది నొక్కుతారు?