యెరికో గోడకు లోపలి మనిషి

"ముసలాయన పోయిండు అన్నా. జుమ్మా నమాజైనంక మట్టి చేసిన్రు" అని మా కంపెనీ లారీ నడిపే కరీంనగర్ తమ్ముడు ఫోన్ చేశాడు. ఈ అరబ్బు దేశంలో, అల్ హిలాల్‌ పేటలోని నా గదిలో బట్టలు ఆరేస్తున్నాను. చేతిలో ఉన్న చొక్కా ఆరేసి ఇంకొకటి తీశాను. ఏడుపు రాలేదు.

ఉమ్ ఘువైలినాలోని సామాన్ల స్టోరులో ఆయన పెద్ద, నేను గుమాస్తా. పన్నెండేళ్ళు ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని పోట్లాడుకున్నాం. ఏడో తరగతితో బడి ఆపేసిన నాకు స్టాకు పుస్తకం రాయడం ఎవరూ చెప్పలేదు, ఆయనా చెప్పలేదు. తప్పు లెక్క కనిపిస్తే ఎర్ర పెన్సిలుతో దాని చుట్టూ గీసి, పుస్తకం నా వైపు తోసేవాడు. వెళ్ళి మళ్ళీ చూసి రమ్మని అర్థం. అలాగే నేర్చుకున్నాను.

ఆయనది పాలస్తీనాలో అరీహా. మనం యెరికో అంటాం. చేరిన మొదటి వారం ఆ పేరు వినగానే పొంగిపోయి, ఆదివారం బడిలో విన్న బైబిలు కథంతా వచ్చీరాని హిందీలో చెప్పాను. దేవుడి సైన్యం ఏడు రోజులు ఊరి చుట్టూ తిరగడం, బూరలు ఊదడం, గోడ కూలడం. పిల్లలం అట్టపెట్టెలతో గోడ కట్టి, పడగొట్టి, చప్పట్లు కొట్టేవాళ్ళమని కూడా చెప్పాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "గోడ లోపల ఎవరున్నారు?" అన్నాడు.

అంతకుముందు ఎవరూ అడగలేదు.

అప్పటినుంచి నా పేరు బూర. లారీవాళ్ళ మీద గొంతు పెంచితే వెనక గోడకి చెయ్యి ఆనించి, "మెల్లగా బూరా, ఇది అద్దె గోడ" అనేవాడు. ఒకసారి కసికొద్దీ, ఆ ఊరిని మళ్ళీ కట్టినవాడికి శాపం కూడా ఉందన్నాను.

"మా తాత కట్టాడు, మా నాన్న కట్టాడు" అన్నాడు. "శాపం తగిలింది. నీ ఎదురుగా కూర్చున్నాను."

నాలుగేళ్ళ కిందట మా చర్చి సంఘంవాళ్ళతో అరీహా మీదుగా యాత్రకు పోతున్నానని చెప్పాను. చిన్నప్పుడు యుద్ధంలో ఊరు దాటి వచ్చిన ఆయనకు తిరిగి వెళ్ళే కాగితం లేదు. నాకు ఉంది. ఆ మాట చెప్పిన మూడో రోజు ఆయన ఒక చీటీ మీద ఊట, కాలువ, మూడో మలుపు, అక్కడి తమ నారింజతోట గీసి ఇచ్చాడు. అక్కడ తోటలకు నీళ్ళు వంతుల మీద పారతాయట.

"మంగళవారం పొద్దున మా వంతు. తోటకి నీళ్ళు వస్తున్నాయేమో చూడు. ఇంకేమీ తేవద్దు."

ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

మంగళవారమే వెళ్ళాం. పాత గోడల దిబ్బ చూశాను. మేడిచెట్టు కింద ఫొటో తీయించుకున్నాను. ఊట దగ్గర సీసా నింపుకున్నాను. ఇంకా అరగంట టైముంది. ఎండగా ఉందని ఖర్జూరాల కొట్టులో నిలబడ్డాను. మూడో మలుపు దాకా పోలేదు.

తిరిగొచ్చి, సీసా బల్ల మీద పెట్టి, నీళ్ళు బాగా వస్తున్నాయన్నాను.

"తోట లోపల ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

చీటీ అడిగి తీసుకున్నాడు. మూడో మలుపు చుట్టూ ఎర్ర పెన్సిలుతో గీసి నా వైపు తోశాడు. సీసా ముట్టుకోలేదు. ఆ రోజునుంచి మళ్ళీ బూర అనలేదు. మర్యాదగా పేరు పెట్టి పిలిచాడు. ఆ మర్యాదను నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఇవాళ నా లెక్క తప్పదంటే ఆయన చలవే. బతికుండగా ఈ మాట అంటే కసిరేవాడు.

అప్పుడు నేనే స్టోరు కిటికీలో పెట్టిన సీసా ఇంకా అక్కడే ఉంది, మూత తీయలేదు. దాని కింద చీటీ. ఎండకి ఊట, కాలువ, తోట వెలిసిపోయాయి. ఎర్ర చుట్టు అలాగే ఉంది.