ఎడమ తలుపు

మా బాబాయి కళ్లు మూసుకుని కూడా బండి నడపగలడని డ్రైవర్ల స్టాండులో ఒక జోకు ఉండేది. ఎవరి బండి మొరాయించినా ముందు ఆయన్నే పిలిచేవాళ్లు. బానెట్ ఎత్తకముందే కాసేపు చెవి ఒగ్గి, "బెల్టు కాదురా, దాని పక్కనున్న బేరింగు" అనేవాడు. అందుకని ఆయనకు స్టెతస్కోపు అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే పలికేవాడు కూడా. పిన్ని మాత్రం ఈ గొప్పను ఒప్పుకునేది కాదు. "ఊళ్లో ఇంజన్లన్నీ వినపడతాయి ఈయనకి. వంటింట్లోంచి నేను గొంతు చించుకున్నా వినపడదు" అనేది.

ఆయన నడిపేది ఒక టైల్స్ వ్యాపారి ఎస్‌యూవీ. బాగా పాతది. కొత్తది కొనగలిగినా ఆ వ్యాపారి కొనడు. "ఇది నా మాట వింటుందయ్యా" అంటాడు. అది వినేది బాబాయి మాట అని ఆ బండికీ బాబాయికీ తెలుసు. తలుపులు రేకు డబ్బాల్లా మోగేవి. పాట పెడితే పాడేవాడి గొంతు బావిలోంచి వచ్చినట్టుండేది. వేగం పెరిగేకొద్దీ ఆ గొంతు కూడా టైర్ల మోతలో మునిగిపోయేది.

ఒకరోజు వ్యాపారి, "దీంట్లో మాట వినలేం, పాట వినలేం. మంచి సౌండు పెట్టించాలి, ఎవరున్నారు?" అని అడిగాడట. బాబాయి ముందూ వెనకా చూసుకోకుండా, "మా అన్న కొడుకున్నాడు సార్. పుస్తకాలు తెచ్చుకుని సొంతంగా నేర్చుకున్నాడు. వాడి చెయ్యి పడిందంటే తిరుగులేదు" అన్నాడు. నన్ను పొగిడే అవకాశం దొరికితే వదులుకోడు. పాత స్పీకర్లు పీకి కొత్తవి పెడతారు, అంతే కదా అనుకున్నాడు.

అంత మాత్రమే అయితే ఈ కథ లేదు.

కంపెనీ బిగించిన స్పీకర్లు పాతబడితే వాటి కాగితం కోన్లు చిరిగిపోతాయి. మార్చడం పెద్ద పనేం కాదు. కానీ ఎంత మంచి స్పీకరైనా డొల్ల తలుపులో పెడితే తలుపే పాడుతుంది, స్పీకరు పాడదు. అందుకే డోర్ ప్యాడు, అంటే తలుపు లోపలి అట్ట, విప్పి, లోపలి రేకుకి జిగురున్న నల్లటి మందపాటి షీటు అంటించి, రోలరుతో గట్టిగా నొక్కి, కన్నాలన్నీ మూసేస్తాం. అప్పుడు తలుపు బరువుగా, బుద్ధిగా మూసుకుంటుంది. పాట లోపల ఉంటుంది, లోకం బయట ఉంటుంది. నాకు ఈ పని మీద ప్రేమేమీ లేదు. డబ్బున్నవాళ్లు బయటి మోత వినపడకుండా ఉండటానికి ఖర్చు పెడతారు. ఆ ఖర్చు మీద నేను బతుకుతాను.

బాబాయి బండి తెచ్చి నేను పనిచేసే కారు సౌండు షాపులో పెట్టి, పాత సీటొకటి లాక్కుని దాని మీద కూర్చున్నాడు. కుడివైపు తలుపులు రెండూ అయిపోయాయి. స్పీకర్లు పెట్టాను, షీటు వేశాను. బాబాయి లేచి వచ్చి వేలితో టకటకా కొట్టి చూశాడు. ఇదివరకు డబ్బాలా మోగే తలుపు ఇప్పుడు చెక్కలా 'డప్' అంది. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"ఇదేంటిరా, చచ్చిపోయింది?"

"చావాలి బాబాయ్. అప్పుడే పాట బతుకుతుంది."

"అన్నిటికీ వేస్తావా?"

"మరి రెండిటికి వేసి వదిలేస్తానా?"

"ఎడమవైపు వద్దులే."

నేను నవ్వాను. "ఎడమవైపు మీ సార్‌కి చెవి లేదా?"

ఆయన నవ్వలేదు. అప్పుడే టీ వచ్చింది. ఆయన ఎడమవైపు నిలబడి గ్లాసు అందించాను. తీసుకోలేదు. చెయ్యి చాపుకుని అలాగే నిలబడ్డాను. "బాబాయ్, టీ" అన్నాక గొంతు వచ్చిన వైపుకి తల మొత్తం తిప్పి, అప్పుడు అందుకున్నాడు.

గ్లాసు ఆయన చేతిలో ఉండగానే నాకు అర్థమైంది. నాకు అర్థమైందని ఆయనకీ తెలిసింది.

"పిన్నికి తెలుసా?"

"కంట్లో చుక్కల మందు వేసేది ఎవరనుకున్నావు?"

ఎడమ కంటి నరం ఎండిపోయిందట. పైకి చూస్తే కన్ను మామూలుగానే ఉంది. పోయిన చూపు రాదు, కుడి కన్నయినా కాపాడుకో అన్నాడట డాక్టరు.

"మరి బండెలా నడుపుతున్నావు?"

"వింటూ." టీ ఊదుకున్నాడు. "ఎడమ తలుపు పల్చటి రేకు. అన్నీ చెప్తుంది. బైకు దూరుతుంటే ముందే గీపెడుతుంది. లారీ వస్తే రేకు వణుకుతుంది. సైకిలు ఒక్కటే నంగనాచి. అదీ గొలుసు చప్పుడుతో దొరికిపోతుంది."

నాకు ఒళ్లు మండింది. "ఎవరికైనా తగిలితే?"

"ఇన్నాళ్లూ తగల్లేదుగా."

"తగిలితే?"

గ్లాసులో అడుగున ఉన్న టీని తిప్పుతూ కూర్చున్నాడు.

"సార్‌తో చెప్పు బాబాయ్."

"చెప్తే తిడతాడనుకున్నావా? తిట్టడు. మంచివాడు. భుజం మీద చెయ్యి వేసి, ఇక ఇంటి పట్టున ఉండవయ్యా అంటాడు. తిడితే నేనూ నాలుగు తిట్టొచ్చు. భుజం మీద చెయ్యి వేసినవాణ్ని ఏమనను? ఇంటికెళ్లి ఏం చెయ్యను? మీ పిన్ని కుక్కర్‌కి ఏం జబ్బు చేసిందో చెప్తూ కూర్చోనా?"

"నేను చెప్పనా?"

"నీ ఇష్టం" అన్నాడు. చిన్నప్పుడు నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టించిన మనిషి. ఆ రెండు మాటలూ తల వంచుకుని అన్నాడు.

నేను చదివిన కథల పుస్తకాల్లో ఇలాంటి చోట మనుషులు లేచి నిలబడి నిజం చెప్పేస్తారు. ఆ తర్వాత ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో ఏ పుస్తకమూ రాయలేదు. నేను లేవలేదు. చెయ్యగలిగింది ఒక్కటే కనపడింది. ఎడమవైపు వెనక తలుపుకి షీటు వేశాను. ముందు తలుపుకి స్పీకరు మాత్రం పెట్టి, రేకుని అలాగే వదిలి ప్యాడు మూసేశాను. బాబాయి ఆ తలుపుని వేలితో కొట్టాడు. అది డబ్బాలా మోగింది. ఆయన నా వీపు మీద ఒకటి చరిచి, వెళ్లి సీటు మీద కూర్చున్నాడు.

సాయంత్రం వ్యాపారి వచ్చాడు. వెనక కూర్చుని పాట పెట్టించుకున్నాడు. మొదట ముఖం వెలిగింది. తర్వాత తల పక్కకి వంచాడు.

"ఏదో గడగడమంటోంది. ముందు, ఎడమవైపు."

మా షాపు ఓనరు వచ్చి తలుపు మీద చెయ్యి పెట్టాడు. పెట్టగానే తెలిసిపోయింది ఆయనకి. నేను చదువుతానని ఆయనకి మహా మంట. "ఏరా పండితుడా! మూడు తలుపులకి వేసి నాలుగోదానికి ఉపవాసం పెట్టావా? ఏ పుస్తకంలో ఉందిరా ఇది?"

"షీటు చాల్లేదు" అన్నాను.

"షీటు చుట్ట నీ కాళ్ల దగ్గరే ఉంది, కళ్లు పోయాయా?"

బాబాయి ఉలిక్కిపడ్డాడు. తనని కాదని తెలిశాకే తేరుకున్నాడు.

"పర్లేదు సార్, ఆ ఒక్కటీ అలా ఉన్నా..." అని నసిగాడు.

"ఎందుకుండాలి?" అన్నాడు వ్యాపారి. ఆ గొంతులో కోపం లేదు, ప్రేమే ఉంది. "ఇది నాకోసమే అనుకుంటున్నావా? నేను దిగి ఆఫీసులో కూర్చుంటాను. రోజంతా ఆ మోతలో ఉండేది నువ్వు. నీ చెవులు పాడైపోతే నాకు ఇంకో స్టెతస్కోపు ఎక్కడ దొరుకుతాడయ్యా?"

అందరూ నవ్వారు. బాబాయి కూడా నవ్వాడు. తర్వాత నావైపు తిరిగి, "వెయ్యరా నాన్నా. సార్ అంతగా చెప్తున్నారు" అన్నాడు.

ప్యాడు విప్పాను. షీటు కోసి అంటించాను. రోలరు గట్టిగా నొక్కకపోతే తర్వాత ఊడుతుంది. ఊడనివ్వాలని ఉంది. ఓనరు నా తల మీదే నిలబడ్డాడు. అందుకని నొక్కాను. మూలల్లో బొటనవేలితో కూడా నొక్కాను. ఇంత శుభ్రంగా నేను ఏ బండికీ చెయ్యలేదు. "ఎడమవైపు సైడు అద్దానికి ఇంకో చిన్న గుండ్రటద్దం అంటిస్తాను బాబాయ్" అన్నాను మెల్లిగా. "అంటించు. దాన్ని చూడాలన్నా తల అటు తిప్పాలిగా. అటు తిప్పితే కుడివైపు పోతుంది" అన్నాడు.

ఒక చుట్టు తిరిగి చూద్దామని బయల్దేరాం. వ్యాపారి వెనక, నేను ముందు ఎడమ సీట్లో. తలుపులు వేయగానే వీధి ఆగిపోయినట్టయింది. పాట మాత్రం మా మధ్య కూర్చుని పాడుతున్నట్టు స్పష్టంగా ఉంది. గాయకుడు ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది. బాబాయి స్టీరింగుని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆయన అలా పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

"బైకు" అన్నాను, పెదవులు కదపకుండా.

ఆయన కొద్దిగా కుడికి జరిపాడు.

"సైకిలు. ఆగు. ఇప్పుడు వెళ్లు."

"ఏంటీ గుసగుసలు?" అన్నాడు వ్యాపారి.

"స్పీకరు గురించి సార్" అన్నాడు బాబాయి.

"బాగా చేశావయ్యా అబ్బాయీ. మీ బాబాయి ఊరికే పొగడలేదు."

షాపు ముందు నన్ను దింపారు. ఇక నుంచి ఆ సీట్లో ఎవరూ ఉండరు. "బాబాయ్" అన్నాను తలుపు పట్టుకుని. నిజం చెప్పడానికి సార్ కూర్చున్న వెనక సీటు బెత్తెడు దూరంలో ఉంది. "తలుపు వెయ్యరా, సార్‌కి ఆలస్యమవుతోంది" అన్నాడాయన. వేశాను. 'డప్' అని మెత్తగా పడింది.

బండి కదిలే ముందు ఎడమవైపు కిటికీ అద్దం నాలుగు వేళ్ల మందం కిందికి దిగింది. బాబాయి తల కొంచెం ఆ సందువైపు వంచాడు. అప్పుడు లోపలి నుంచి వ్యాపారి గొంతు వినపడింది. "అద్దం ఎక్కించవయ్యా! ఇంత పని చేయించుకుని మళ్లీ ఆ గోల లోపలికి రానిస్తావా?"

అద్దం పైకెక్కింది. చివర ఒక్క క్షణం ఆగి, పూర్తిగా మూసుకుంది.

నేను ఎడమవైపే నిలబడి చెయ్యి ఊపుతున్నాను. ఆయన చూడలేదు. బండి రోడ్డెక్కింది. వెనక నుంచి ఎవరో బైకు మీద ఆ పక్కగా దూరాడు, హారను కొడుతూనే ఉన్నాడు. నాకు వినపడుతోంది.