ఉప్పు పిడికిలి

ముందు బీరప్ప కూత గురించి చెప్పాలి. మనిషి సంగతి తర్వాత చెప్పినా నష్టం లేదు. ధారూర్ చుట్టుపక్కల గొర్లు కాసేవాళ్లకు కొదవ లేదు, గొంతులకూ లేదు. కానీ పొద్దున్నే కంది చేను గట్టు మీద నిలబడి, నాలుక మడిచి, బీరప్ప "డుర్ర్... హో" అన్నాడంటే మంచులో ఎటెటో కలిసిపోయిన మంద మళ్లీ పుట్టుకొచ్చేది. ముందు గంటల చప్పుడు వచ్చేది, దాని వెనక తలలు, ఆ తలల వెనక తీరుబడిగా ఒళ్లు. స్టేషన్లో రైలు కోసం కూర్చున్నవాళ్లు కూడా ఒకసారి తల తిప్పి, పిలిచింది మనల్ని కాదులే అని నవ్వుకునేవారు.

అట్లాంటి మనిషి సొంత బిడ్డ, ఆరేళ్ల సింధుజ, ఆయన పిలిస్తే తల తిప్పేది కాదు.

చెవుడేమో అనుకోకండి. పక్కింట్లో బిస్కెట్ పుడ విప్పితే ఇక్కడ లేచి నిలబడేది. రైలు పక్క స్టేషన్ రుక్మాపూర్ దాటగానే, ఇంకా ఎవరి చెవికీ ఆనకముందే, పట్టాల వైపు చూసేది. మునివేళ్ల మీద నడిచేది. సంతోషమొస్తే రెండు చేతులూ టపటపా ఆడించేది. నాపరాయి ముక్కలను చిన్నదాన్నుంచి పెద్దదాకా గడప పొడుగునా పేర్చేది. అందులో ఒక్కటి జరిపామా, ఇక ఊరంతా వినాల్సిందే ఆ ఏడుపు. కావాల్సినదాన్ని వేలితో చూపేది కాదు. తల్లి శ్యామల చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఆ చేతినే దాని మీద పెట్టేది. మాట లేదు. సన్నటి కూనిరాగం ఒకటి ఉండేది, పొద్దంతా ఇంట్లో అదే తిరుగుతుండేది.

వికారాబాద్‌లో డాక్టరు చూసి ఆటిజం అన్నాడు. బీరప్పకు మొదటి రెండక్షరాలే చెవిన పడ్డాయి. "ఆటనే గద సారూ, ఆడుకోనియ్ మరి" అని హాయిగా ఇంటికొచ్చేశాడు. దాంతో ఒక ఏడాది గడిచిపోయింది. తప్పంతా బీరప్పదే అనడానికి నాకు నోరు రాదు. ఆ డాక్టరు ఇంకో రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

కిందటి వానాకాలంలో సింధుజ పట్టాల మీదికి నడవడం మొదలుపెట్టింది. రెండు గీతలు, ఎంత దూరం చూసినా వంకరపోకుండా పోతూనే ఉంటాయి, ఆ పిల్లకు అవంటే ప్రాణం. ఒకరోజు ఆ గీతల నడుమ నిలబడి ఉంటే బీరప్ప గట్టు మీంచి గొంతు చించుకున్నాడు. గొర్లన్నీ వచ్చాయి. బిడ్డ రాలేదు. పరుగెత్తబోతే, తరుముతున్నాడనుకుని అది కిలకిలా నవ్వుతూ ఇంకా ముందుకు పరుగెత్తింది. ఎదురుగా వస్తున్న గ్యాంగ్‌మన్ చెన్నయ్య ఒక్క అంగలో ఎత్తుకుని పక్కకు దూకాడు.

"పిలిస్తె ఆగకపోతె ఎట్లనే బీరన్నా? అన్నిసార్లు నేనుంటనా గీడ?" అన్నాడు చెన్నయ్య, రొప్పుతూ. తాండూరులో ఇట్లాంటి పిల్లలకు నేర్పే మేడం ఒకామె ఉందని చెప్పింది కూడా ఆయనే. ఆ వారమే బీరప్ప తల్లీబిడ్డలను వెంటబెట్టుకుని తాండూరు రైలెక్కాడు.

నాపరాయి పాలిషింగ్ యూనిట్ల వెనక సందులో ఉంది ఆ సెంటర్, రెండు గదులు. సందంతా రాతి పొడి. గోడలు, చెట్లు, ఆగి ఉన్న ఆటో, దాని మీద నిద్రపోతున్న పిల్లి, అన్నీ తెల్లగా కలలో కనిపించినట్టు ఉన్నాయి. మిషన్ల రొదకు సింధుజ చెవులు మూసుకుంది. లోపల మేడం స్నేహలత వచ్చి పిల్ల పక్కనే నేల మీద కూర్చుంది. ఆ పిల్ల చల్లటి బండకు చెంప ఆనించి పడుకుంది. కాసేపయ్యాక స్నేహలత సీసాలోంచి నాలుగు చుక్కల నీళ్లు బండ మీద వొంపింది. దుమ్ము కొట్టుకుని బూడిదరంగులో ఉన్న రాయిలోంచి నీలం పైకి తేలింది, లోపలెక్కడో దాచిపెట్టిన ఆకాశం ముక్క లాగా. సింధుజ నవ్వింది. ఆ నీళ్లు పోసిన చేతిని చూసి, తలెత్తి, ఎన్నడూ ఎవరి కళ్లలోకీ చూడనిది, ఆ మనిషి కళ్లలోకి చూసింది. శ్యామల కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మేడం, నా కూతకు రెండొందల గొర్లు మర్లి చూస్తయి. నా బిడ్డ చూస్తలేదు" అన్నాడు బీరప్ప.

"గొర్లు ఎందుకు వస్తయి అన్నా?"

"అలవాటు."

"ఆ అలవాటు ఎట్ల చేసినవ్?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "గొర్రెపిల్లలప్పుడే పిడికిట్ల ఉప్పు పట్టుకుని పిలుస్తం. వచ్చినయంటె ఉప్పు నాకనిస్తం. తర్వాత ఉప్పు తగ్గిచ్చుకుంట పోతం, కూత మిగులుతది."

"ఉప్పు లేకుంట పిలిస్తె?"

"మొదట్ల ఒట్టి పిడికిలితోని పిలిస్తె మంద నమ్మది మేడం. అట్ల పిలిస్తె మా నాయినైతే నా చెంప పలగ్గొట్టెటోడు."

"మరి సింధును దినాం ఎన్నిసార్లు పిలుస్తరు? ఎందుకు పిలుస్తరు?"

బీరప్ప లోపల్లోపలే లెక్కపెట్టుకున్నాడు. సింధూ, దిగు. సింధూ, వద్దు. సింధూ, తిను. సింధూ, ఆపు ఆ ఏడుపు. పుట్టినప్పటి నుంచీ ఆ పేరు ఒట్టి పిడికిలే. ఆ వెంటే కోపమొచ్చింది.

"అట్లనంటె నా బిడ్డ గొర్రెనా మేడం?"

"కాదు. నువ్వూ కాదు, నేనూ కాదు. కానీ మంచి జరిగిన కాడికి మళ్ల పోవాలనిపిచ్చుడు అందరికుంటది. పిలుపు, తిరుగుడు, వెంటనే నీళ్లు. వెంటనే అన్నా, ఆలస్యమైతే ఆమెకు లంకె తెలువది. ఆమెకు ఇష్టమున్నంత సేపే. అలిసిపోయిందంటే ఆపెయ్యి."

ఇంట్లో చట్టం అమల్లోకి వచ్చింది. చేతిలో రాయి, నీళ్లు లేకుండా ఎవరూ ఆ పేరు ఎత్తకూడదు. మొదట అడుగు దూరంలో కూర్చుని పిలవడం, భుజం మీద మెల్లగా వేలు ఆనించడం, తిరగ్గానే నీళ్లు. పది రోజులకు బీరప్ప వేలు ఆనించడం మానేశాడు. తర్వాత గుమ్మం నుంచి, వాకిలి నుంచి, దొడ్డి దగ్గర నుంచి. ఫోన్ కోసం అరిస్తే ఆ అరుపుకు ఫోన్ ఇవ్వడం మానేసి, అరచెయ్యి చాపి అడగడం నేర్పారు. అది నేర్చేలోపు ఇల్లు ఇల్లులా లేదు, నిజమే చెప్పాలి.

అందరికంటే బాధ బీరప్ప తల్లి భాగమ్మది. "పేరు పెట్టిందే పిల్వనీకె గదరా?" అని గొణిగేది.

"ఒట్టిగ పిల్వకే అవ్వా."

పాపం ముసలామె "సిం" అని మొదలుపెట్టి, నాలుక కరుచుకుని, "ఓ పిల్లా" అనేది. గొర్రె పిల్లలన్నీ ఆమె వైపు తిరిగేవి.

వానలు పోయి కంది పూసింది. మధ్యాహ్నాలు పసుపు పూల మీద ఎండ మగతగా పడి ఉండేది. వాకిట్లో తండ్రీ బిడ్డా, నడుమ ఒక రాయి. పేరు ఒక్కసారి వినిపించేది, నీలం తేలేది, ఎండకు ఆరిపోయేది. గొర్లను తోలుకుపోయినప్పుడు కూడా బీరప్పకు నిద్ర కళ్లలో ఆ నీలమే కనిపించేది. ఇరవై అడుగుల దాకా వచ్చారు. పిల్లకు మాటలు రాలేదు, చేతులు ఆడించడం పోలేదు. పోవాలని బీరప్పకూ ఇప్పుడు లేదు.

కంది కాయ ముదిరే రోజుల్లో, ఒక గురువారం పొద్దున, తాండూరు రైలు కోసం ధారూర్ స్టేషన్‌కు వచ్చారు. గొప్ప మంచు. రాయి, సీసా ఉన్న సంచితో శ్యామల టికెట్ లైన్లో నిలబడింది. బీరప్ప తుండు సర్దుకోవడానికి చెయ్యి వదిలాడు. అంతే. తలెత్తేసరికి బిడ్డ ప్లాట్‌ఫారం చివరి వాలు మీద ఉంది, మునివేళ్ల మీద పట్టాల వైపు దిగిపోతోంది. మంచులో ఎక్కడో గూడ్సు కూత వేసింది.

అరవై అడుగుల పైనే ఉంటుంది. పరుగెత్తితే ఆట అనుకుని పరుగెత్తుతుంది. బీరప్ప కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఒక్క పిలుపు, అంతే ఉంది ఆయన దగ్గర. గొర్ల కూత గొంతు దాకా వచ్చింది, దాన్ని మింగేశాడు. వాకిట్లో పిలిచే రాగంతోనే, కాస్త పెంచి పిలిచాడు.

"సింధూ."

పిల్ల ఆగింది. మడమలు నేలకు ఆనాయి. తిరిగి చూసింది. నెమ్మదిగా, దారి తెలిసినదానిలా, మంచులోంచి వెనక్కి నడిచి వచ్చింది. ఆమె వెనక గూడ్సు దడదడా పోతుంటే చెవులు మూసుకుంది కానీ నడక ఆపలేదు.

వచ్చి తండ్రి పిడికిలి విప్పింది, ఒక్కో వేలూ. లోపల ఏమీ లేదు.

సంచి లైన్లో ఉంది. "వెంటనే" అంది కదా మేడం. బీరప్ప బిడ్డ చెయ్యి గట్టిగా పట్టుకుని, మోకాళ్ల మీద కూలబడి, ప్లాట్‌ఫారం నాపరాతి బండ మీద ఉమ్మేశాడు. బొటనవేలితో రుద్దాడు. బొట్టంత నీలం తేలింది.

"స్టేషన్ల ఉమ్ముతున్నవ్, బుద్ధుందా?" అన్నాడు బెంచీ మీద పెద్దమనిషి.

బీరప్ప ఆయన వైపు చూడలేదు. తన కళ్లు ధారగా కారుతున్నాయి. సింధుజ నీలాన్ని చూసింది, తర్వాత తండ్రి కళ్లలోకి చూసింది, చేతులు ఆడించింది.

"ఒట్టిగ పిల్వలే బిడ్డా" అన్నాడు. "ఇగ ఎన్నడు ఒట్టిగ పిల్వ."