బిగపట్టకురా, వదిలీ

గజపతినగరం డాక్టరు గారు పోయారన్న కబురు నాకు బస్సులోనే తెలిసింది. టిక్కెట్టు కొడుతుంటే ఓ ముసలమ్మ చెప్పింది. "నీ జబ్బ ఎక్కించినాయన ఇందాకే పోనారట బాబూ." వెనక సగం బస్సుకి ఇంకా టిక్కెట్లు కొట్టాలి. కొట్టాను. ఏం చేస్తాం, ఏడవడానికైనా డ్యూటీ దిగాలి మా ఉద్యోగంలో.

నేను కండక్టర్ని. పైన రాడ్డు పట్టుకునే చెయ్యే మా ఇంటి తిండి. ఓసారి సడన్ బ్రేకుకి ఆ భుజం కీలు జారిపోయింది. అక్కణ్ణుంచి దరిద్రం, జారడమే దానికి అలవాటైపోయింది. చెయ్యి పైకి లేవని కండక్టర్ని ఎవరుంచుకుంటారు?

మొదటిసారి మా డ్రైవరే నన్ను బస్సులో పడుకోబెట్టి, చంకలో తన మడమ పెట్టి చెయ్యి లాగేశాడు. కీలు ఎక్కింది గానీ వేళ్లు చాన్నాళ్లు మొద్దుబారిపోయాయి. ఆ తర్వాత పెద్దాసుపత్రిలో మత్తిచ్చి, ఛాతీకి దుప్పటి చుట్టి, ఒకరటూ ఒకరిటూ లాగారు. నొప్పి తెలీలేదు. రోజంతా కళ్లు తిరిగాయి. మళ్లీ జారితే ఈ డాక్టరు గారి దగ్గరికెళ్లాను, ఇంట్లోనే చూసేవారు.

"ఏటిరా కండక్టరూ, జార్చీసావా?" అని, బల్లమీద బోర్లా పడుకోమన్నారు. చెయ్యి కిందికి వేలాడదీసి, మణికట్టుకి ఇసక సంచి కట్టి, వేరే రోగుల్ని చూసుకోడానికెళ్లిపోయారు! నాకు కనపడేవల్లా అటూ ఇటూ తిరిగే ఆయన అరిగిపోయిన చెప్పులే.

"సార్, లాగరా?" అని అరిచాను.

"నాను లాగితే నీ కండ ఎదురు లాగుతాది. బిగపట్టకురా, వదిలీ. అదే ఎల్తాది."

ప్రాణం విసిగి, తిట్టుకుని తిట్టుకుని, ఇంక నా వల్ల కాదని వదిలేశాను. అప్పుడెళ్లింది కీలు లోపలికి.

మూడింట్లో ఏది మంచిదని అడిగాను. చల్లారిపోయిన టీ తాగుతూ, అలిసిపోయిన మొహంతో చెప్పారు. "అన్నిట్లోనూ ఎక్కుతాది. మడం పెడితే నరం నలుగుతాదని నాకు బయ్యం. ఏలాడదీస్తే ఆలీసం. ఒకోసారి నాదీ పారదు, అప్పుడు నానూ మత్తుకే పంపుతాను. ఎక్కించీడం గొప్ప కాదురా. మళ్లీ జారకండా సూసుకోవాల. ఆపరేసను సేయించుకో."

చేయించుకునేదాకా నా ప్రాణం తీశారు. డ్యూటీలో మళ్లీ చేరాక, బస్సు వాళ్లింటి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా గేటు దగ్గర నిలబడి తన చెయ్యి పైకెత్తేవారు. నీది లేస్తోందా అని అడగడమన్నమాట. నేను ఫుట్‌బోర్డు మీంచి నాది ఎత్తి చూపించేవాణ్ణి. పాసింజర్లు నవ్వేవారు. ఈ రోజు గేటు దాటుతున్నప్పుడు కూడా, అలవాటు కొద్దీ, చెయ్యెత్తాను.

ఆ ట్రిప్పుతోనే డ్యూటీ దిగి వెళ్లాను. ఐసు పెట్టె ఇంకా రాలేదు. నన్ను బోర్లా పడుకోమన్న ఆ బల్లమీదే ఆయన్ని పడుకోబెట్టారు. దండలు సర్దుతుంటే ఆయన చెయ్యి జారి, బల్ల అంచు నుంచి కిందికి వేలాడింది. ఆయన మేనల్లుడు గబుక్కున పట్టుకుని పైకి లాగబోయాడు.

"లాగకు బాబూ!" అని కేకేశాను. అందరూ నావైపు చూశారు.

కింద కూర్చుని, మోచేతి కింద నా అరచెయ్యి పెట్టి, మెల్లగా, మెల్లగా ఎత్తాను. ఆ చేతికి బిగింపన్నదే లేదు. బిగపట్టుకున్నది నేనే. వదిలెయ్యరా అని చెప్పడానికి ఇంకెవరున్నారు నాకు?

ఆయన చెయ్యి గుండెల మీద పెట్టి, అప్పుడు వదిలాను.