వాచీ మాట విని తాడు దాటాను

బందరులో ఎన్ని రోడ్లున్నా నాకు పరుగంటే మంగినపూడి ఇసుకే. అలలు తడిపి వదిలిన గట్టి ఇసుక మీద మోకాళ్లు నొప్పెట్టవు. పైగా ఆ ఊరే నా పుట్టిల్లు. షుగరు వచ్చాక మా అమ్మాయి నా చేతికో వాచీ కట్టింది. అరగంట ఆగకుండా పరిగెత్తితే అది చేతిమీద అదురుతుంది. మధ్యలో ఆగామా, లెక్క మళ్లీ మొదటికే.

ఓ పొద్దున అరగంటకి ఇంకో రెండు నిమిషాలుందనగా చూస్తే, మావాళ్లు ఒడ్డున నిలబడి సముద్రంలోంచి వల లాగుతున్నారు. మా ఊళ్లో అటుగా వెళ్లేవాళ్లెవరైనా తాడుకి చెయ్యి వెయ్యాలి, వేసినవాళ్లకి చేపల్లో వాటా. అరవై దాటిన మా వదిన తాడు పట్టుకుని వెనక్కి వాలిపోయి ఉంది.

"ఏమ్మా ఆడపడుచా, ఓ చెయ్యెయ్యవే, బరువుగా ఉంది!"

"రెండు నిమిషాలొదినా, ఆగితే ఇది ఒప్పుకోదు" అని వాచీ చూపించి తాడు దాటేశాను.

"మొగుడిక్కూడా ఇంత భయపళ్లేదు కదే!" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

వాచీ అదిరాక వెనక్కి వచ్చాను. వల ఒడ్డెక్కింది. తాడు ఒరుసుకుని కోసుకుపోయిన అరచేతుల్ని వదిన ఉప్పునీళ్లలో కడుక్కుంటోంది. ఓ చేపల కుప్ప చూపించి, "అది నీదే" అంది.

"నేను లాగలేదుగా వదినా."

"ఊరి ఆడపిల్లని ఉత్త చేతుల్తో పంపుతామా?"

ఆ చేపలు పులుసు పెట్టాను గానీ ముద్ద దిగలేదు. "ఇవాళ పూర్తి చేశావా అమ్మా?" అని అమ్మాయి అడిగితే, తలెత్తకుండా "చేశాను" అన్నాను.