నందివర్ధనం, వట్టివేరు, మధ్యలో విజిల్

మా ధర్మారావు మాస్టారికి ఒకటే జబ్బు. ఎవరినీ ఓడిపోనివ్వరు. ఏ రెండింటికి పోటీ పెట్టినా ఆయన నోట వచ్చే తీర్పు ఒక్కటే: డ్రా.

బందరులో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం పోయింది గానీ మెడలో విజిల్ పోలేదు. స్నానానికి వెళ్లినా తియ్యరని ఆయన భార్య పిచ్చేశ్వరమ్మ గారు వీధంతా చెబుతుంటారు. ఒకసారి గుడివాడ కుర్రాళ్లకీ మా బడికీ కబడ్డీ ఫైనల్ పెట్టి, స్కోరు సమానమయ్యేదాకా ఆట ఆపలేదు. పొద్దు గూకింది. కూతకి వచ్చినవాడెవడో కనపడక రెండు జట్లూ కలిసి పల్లీలమ్ముకునేవాణ్ణి పట్టుకున్నాయి. అప్పుడు మాస్టారు హాయిగా విజిల్ ఊది డ్రా అన్నారు.

"బందరు లడ్డూ బావుంటుందా, హల్వా బావుంటుందా మాస్టారూ?" అని అడిగాను ఓసారి.

"రెండూ పట్రా, చూద్దాం."

రెండూ ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "డ్రా" అన్నారు.

నేను ఇంజనీరింగ్ మధ్యలో మానేసినప్పుడు ఊళ్లో సగం మంది మొహం మీద తిట్టారు, మిగతావాళ్లు వెనక తిట్టారు. మాస్టారు మాత్రం, "నువ్వు కాలేజీని వదిలావా, కాలేజీ నిన్ను వదిలిందా? ఎలా చూసినా డ్రానేరా" అన్నారు. అలాంటి మనిషిని ఎంతసేపని విసుక్కుంటాం? నాకు మాత్రం విసుగే. గెలిచినవాణ్ణి గెలిచాడని చెప్పడానికి ఏం రోగం?

ప్రస్తుతం నేను ఒక నర్సరీకి ట్రాలీ ఆటో తోలుతున్నాను. చల్లపల్లి రోడ్డులో కాలవ పక్కన ఉంటుంది. దాని అసలు పేరు బోర్డు మీద వెలిసిపోయింది. అందరూ రెండక్కల నర్సరీ అంటారు. రాజకుమారి గారూ, ఎలీసబెతు గారూ చిన్నప్పటి స్నేహితులు. ఒకే క్యారియర్‌లో తిని, ఒకే కుర్చీలో వంతులవారీగా కూర్చుని నర్సరీ పెంచారు. అలాంటివాళ్ల మధ్య అవనిగడ్డ నుంచి వచ్చిన ఒకాయన చిచ్చు పెట్టాడు. కొత్త ఇల్లు కట్టాడట. ఇంటి ముందు ఏం వెయ్యాలో ఒక్కటే చెప్పమన్నాడు.

"నందివర్ధనం వెయ్యండి. పొద్దున్నే తలుపు తీస్తే తెల్లగా పూలు కనపడాలి" అన్నారు రాజకుమారి గారు.

"ఏటి పక్క నేల కదండీ, వట్టివేరు వెయ్యండి. వరదొచ్చినా మట్టి కదలదు. మా నాగాయలంకలో గట్లు దాన్ని పట్టుకునే నిలబడ్డాయి" అన్నారు ఎలీసబెతు గారు.

"ఇంటి ముందు గడ్డేంటి ఎలీసా? గేదెని కట్టేస్తారా?"

"పువ్వు కోసుకున్నాక నీ చెట్టుకి మిగిలేదీ ఆకులేగా రాజీ."

ఆయన అటూ ఇటూ చూసి, ఏమీ కొనకుండా వెళ్లిపోయాడు. గొడవ మాత్రం ఉండిపోయింది. మర్నాటికి నర్సరీ మధ్యలో తాడు వెలిసింది. మోటారు స్విచ్ ఒకరి వైపు పడింది, నీళ్ల పైపు రెండోవారి వైపు పడింది. "ఆవిణ్ణి స్విచ్ వెయ్యమను" అని ఎలీసబెతు గారు నాతో అంటారు. రాజకుమారి గారు పక్కనే నిలబడి వింటూనే ఉంటారు. నేను మళ్లీ చెబితేనే వేస్తారు. కాలేజీ మానేసింది ఇందుకా అనిపించేది.

చివరికి ఇద్దరూ మాస్టారి ఇంటికి వెళ్లారు, చెరో ఆటోలో.

"మీరే తేల్చాలి మాస్టారూ. తోటకి పూలచెట్టు మేలా, గడ్డి మేలా? డ్రా అంటే ఒప్పుకోం" అన్నారు రాజకుమారి గారు.

"ఓడినవాళ్లు నర్సరీ వదిలి వెళ్లిపోతారు" అన్నారు ఎలీసబెతు గారు.

మాస్టారు మెడలో విజిల్ తడుముకున్నారు. మొదటిసారి ఆయన మొహంలో భయం చూశాను.

ఎండాకాలం చివర్లో పోటీ మొదలైంది. మాస్టారి పెరట్లో ఒక నందివర్ధనం, ఒక వట్టివేరు దుబ్బు. ఒకే మట్టి, ఒకే చెంబుతో నీళ్లు. పొద్దున్నే విజిల్ ఊది స్కోరు చెప్పేవారు. ఎండకి నందివర్ధనం తల వేలాడేసింది. వట్టివేరుకి ఒక పాయింటు. పిచ్చేశ్వరమ్మ గారి పూజకి బుట్టెడు పూలు వచ్చాయి. స్కోరు సమానం. వానలకి పెరట్లో నీళ్లు నిలిచి నందివర్ధనం ఆకులు పసుపెక్కాయి, వట్టివేరు మాత్రం ప్రహరీ కింద మట్టిని గట్టిగా పట్టుకుని నిలబడింది. ఇంక అయిపోయిందనుకున్నాను. ఈలోపు వట్టివేరు మాస్టారి ఎత్తు పెరిగి, లుంగీ ఆరేయడానికి వెళ్లిన ఆయన చెయ్యి కోసింది.

"ఫౌల్" అన్నారు మాస్టారు సంతోషంగా. స్కోరు మళ్లీ సమానం.

"ఈసారి డ్రా అంటే నర్సరీ పోతుంది మాస్టారూ. ఎవరో ఒకర్ని గెలిపించెయ్యండి" అన్నాను నేను.

"ఆయన వల్ల కాదు బాబూ" అన్నారు పిచ్చేశ్వరమ్మ గారు లోపల్నుంచి. "పెళ్లిచూపుల్లో మా అక్కా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. ఎవరు నచ్చారయ్యా అంటే, ఇద్దరూ బాగా ఆడారన్నారు. అక్కకి కోపమొచ్చి లేచి లోపలికి వెళ్లిపోబట్టి నాకు దక్కారు."

తీర్పు రోజున పెరట్లో కుర్చీలు రెండు వైపులా వేశారు. వీధి వీధంతా వచ్చింది. అక్కలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రాజకుమారి గారు చీర కొంగు నలుపుతున్నారు. ఎలీసబెతు గారి పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తున్నట్టున్నారు. ఇద్దరికీ గెలవాలని ఉన్నట్టు నాకైతే కనపడలేదు.

మాస్టారు పొడుగ్గా విజిల్ ఊదారు.

"రెండూ ఓడిపోయాయి."

ఎవరికీ అర్థం కాలేదు.

"ఒకటి పూలు రాల్చి చెత్త చేస్తుంది, రెండోది చెయ్యి కోస్తుంది. ఇంటి ముందు సిమెంటు టైల్స్ పరిపించుకోవడం ఉత్తమం. పచ్చదనం కావాలంటే ప్లాస్టిక్ గడ్డి చాపలు దొరుకుతున్నాయి. నీళ్లు పొయ్యక్కర్లేదు, తడిగుడ్డతో తుడుచుకుంటే చాలు. నేను రేపే తెప్పిస్తున్నా."

ముందు లేచింది రాజకుమారి గారు. "ప్లాస్టిక్కా? మొన్న వానల్లో మీ ప్రహరీ పడిపోకుండా పట్టుకుంది ఎవరండీ? ఆ వట్టివేరు కాదా? దాని వేళ్లకున్న బలం మీ టైల్స్‌కి ఉందా?"

వెంటనే ఎలీసబెతు గారు అందుకున్నారు. "అంత పువ్విచ్చిన చెట్టుని చెత్తంటారా? నీళ్లలో నానుతూ కూడా మొగ్గ వేసిందే, కళ్లు కనపడలేదా మీకు?"

"పద ఎలీసా. ఈయన చేతుల్లో పెడితే రెంటినీ చంపేస్తాడు."

"గునపం ఎక్కడుందిరా?" అని నన్నడిగారు ఎలీసబెతు గారు.

అంతే. తీర్పు చెప్పిన పెరట్లోంచి రెండు మొక్కల్నీ మట్టితో సహా పెళ్లగించి నా ట్రాలీలో ఎక్కించారు. అక్కలిద్దరూ వాటి పక్కనే ఎక్కి, చల్లపల్లి రోడ్డు దాకా మాస్టార్ని కలిసి తిట్టారు. మధ్యలో ఒకరు ఊపిరి తీసుకోవడానికి ఆగితే రెండోవారు కొనసాగించారు. నర్సరీలో తాడు విప్పి, దాంతోనే నందివర్ధనానికి కర్ర కట్టారు. కాలవ అంచున వట్టివేరు, దాని వెనక నందివర్ధనం. అవనిగడ్డ ఆయన మళ్లీ వచ్చి చూసి, ఆ జోడీయే తన ఇంటికీ కావాలన్నాడు.

మొన్న లోడు దింపి వస్తూ మాస్టారింటికి వెళ్లాను. పెరట్లో రెండు గోతులు, వాటి మధ్య ఆయన కుర్చీ.

"టైల్స్ ఎప్పుడు మాస్టారూ?"

"టైల్సేంట్రా, ఎండకి కాళ్లు కాలవూ?"

నాకప్పుడు వెలిగింది. ఇంజనీరింగ్ ఎందుకు పూర్తవలేదో కూడా వెలిగింది.

"ఊరంతా మిమ్మల్ని ప్లాస్టిక్ మాస్టారంటోంది. అక్కలు మీ పేరెత్తితే మండిపడుతున్నారు. నిన్న చర్చి దగ్గర మిమ్మల్ని చూసి ఇద్దరూ మొహం తిప్పేసుకున్నారు, నేను చూశాను."

మాస్టారు కుర్చీలో ముందుకి జరిగారు. "ఒకేసారి తిప్పుకున్నారా?"

"ఒకేసారి."

"ఎవరు ఎక్కువ తిప్పుకున్నారు?"

నిజం చెప్పాలంటే రాజకుమారి గారే కాస్త ఎక్కువ తిప్పుకున్నారు. కానీ ఆయన అప్పటికే విజిల్ నోటి దగ్గర పెట్టుకుని, నా వంక చూస్తూ ఎదురుచూస్తున్నారు.

"డ్రా" అన్నాను.